టైలు వెనక గోడ

చుండూరులో ఇల్లు కట్టుకునేవారు బాత్రూం టైల్స్ కోసం తెనాలి వెళ్తే రంగులు, డిజైన్లు చూడటానికే పూట గడిచిపోతుంది. అవి ఎక్కాల్సిన గోడ సంగతి అడిగేవారు తక్కువ. నీళ్లను టైలే ఆపుతుందని చాలామంది నమ్మకం. టైలు మెరుగు నీళ్లు పీల్చని మాట నిజమే. టైలుకీ టైలుకీ మధ్య నింపే సిమెంటు జాయింటు మాత్రం పీలుస్తుంది. అక్కణ్ణుంచి తేమ వెనక ప్లాస్టరింగులోకి, ఇటుకలోకి వత్తిలో నూనె పాకినట్టు పాకుతుంది. కొన్నాళ్లకు అవతలి పడగ్గదిలో రంగు పొక్కుతుంది, గోడ మీద తెల్లగా ఉప్పు తేలుతుంది.

టైలు వెనక గోడ అన్నిచోట్లా ఒకటి కాదు. అమెరికాలో మనవాళ్లుండే ఇళ్లు ఎక్కువగా చెక్క చట్రాలవి. టైలు అంటించాలంటే ముందు బోర్డు బిగించాల్సిందే. ఒకప్పుడు ఆకుపచ్చ కాగితం చుట్టిన జిప్సం బోర్డు వాడేవారు. కాగితం నానితే బూజు పడుతుంది, జిప్సం మెత్తబడుతుంది. అందుకే అక్కడి ఇళ్ల నిర్మాణ నియమావళి 2006 నుంచి షవర్ టైల్స్ వెనక దాన్ని ఒప్పుకోవడం లేదు. ఇప్పుడు సిమెంటు బోర్డులొచ్చాయి. అవి తడిసినా చెడవు గానీ, నీళ్లను ఆపవు. వాటికీ వేరే పూతో, షీటో కావాలి.

అక్కడి పనుల వీడియోలు చూసి మన ఇటుక గోడకూ బోర్డు కొట్టించనక్కర్లేదు. బోర్డు చేసే పని ఇక్కడ సిమెంటు ప్లాస్టరింగే చేస్తుంది. పైపులు కనపడకుండా కట్టే పెట్టెకైతే ఫైబర్ సిమెంటు బోర్డు బాగుంటుంది. ఫాల్స్ సీలింగులో జిప్సం ముక్కలు మిగిలాయని తడిగోడకు వాడటం శుద్ధ దండగ.

అసలు పని నీళ్లు ఆపే పూతలో ఉంది. పైపులకు ప్రెజర్ పెట్టి లీకు లేదని చూశాకే వాటి కోసం గోడలో కోసిన గాళ్లు పూడ్చాలి. ప్లాస్టరింగును కనీసం వారం తడిపి, బాగా ఆరనివ్వాలి. లీకులు తరచూ మొదలయ్యేది గోడా నేలా కలిసే మూలల్లో, కుళాయి గొట్టం బయటికొచ్చే చోట. అక్కడ మెష్ టేపు వేసి, దాని మీద పాలిమర్ సిమెంటు పూత రెండు కోట్లు, ఒకటి నిలువుగా, రెండోది అడ్డంగా కొట్టించాలి. ఈ పూత షవర్ గోడకు ఆరేడు అడుగుల ఎత్తు, మిగతా గోడలకు అడుగు, నేలంతా పడాలి. పూత ఆరాక నేల మీద నీళ్లు కట్టి ఒక రోజంతా ఉంచాలి. పని ఆగిపోతోందని మేస్త్రీ గొణుగుతాడు, గొణగనివ్వండి.

పూత సాగే రకమైతే మనకు మరీ మంచిది. డెల్టా నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. ఆ కదలిక గోడల దాకా వస్తుంది. బిరుసు పూత గోడతోపాటే చిట్లుతుంది. పునాది నుంచి ఎక్కే చెమ్మ వేరే జబ్బు. దానికి ఈ పూత మందు కాదు, ముందు దాని సంగతి తేల్చుకోవాలి.

విట్రిఫైడ్ టైలు అర శాతం నీళ్లు కూడా పీల్చదు కాబట్టి ఉత్త సిమెంటు పాలు దానికి సరిగా పట్టవు. ఐఎస్ 15477 గుర్తున్న టైల్ గమ్ వాడండి. టైలు వెనక ఐదు ఉండలు పెట్టి నొక్కితే మధ్యలో బోలు మిగిలి నీళ్లు చేరతాయి. గమ్‌ను పళ్ల తాపీతో గోడంతా పరిపించండి.

టైల్స్ కొనే రోజునే పూత డబ్బా, మెష్ టేపు, గమ్ కూడా చీటీలో రాసుకుని తెనాలి బయల్దేరండి.