ఎండతో రెండు పనులు

వైశాఖ మాసము వచ్చినంతనే మన మేడలమీద పాత పంచెలు, చీరలు పరచుకొనును. వానిపై వడియములు, చల్లమిరపకాయలు, మాగాయకు తరిగిన మామిడిముక్కలు ఎండుచుండును. సౌరశక్తి యనగానే నేడు మనకు నల్లని ఫలకములు, విద్యుత్తు జ్ఞప్తికి వచ్చుచున్నవి. కాని ఆ శక్తిని మన ఇండ్లలో తరతరాలుగా వాడుచున్నవారు మన అమ్మమ్మలే. చినగంజాము, నౌపడ ప్రాంతముల మడులలో సముద్రజలమును ఎండబెట్టి ఉప్పు తీయువారు చేయుచున్నదియు ఆ పనియే. దీనికి బిల్లు రాదు గనుక మనము దీనిని లెక్కలోనికి తీసికొనుట లేదు.

ఎండను మనము రెండు విధములుగా వాడుకొనవచ్చును: వేడిగా నొకటి, విద్యుత్తుగా నొకటి. ఏ పనికేది తగునో తెలిసికొనుట ముఖ్యము.

ఎండతో నీరు కాచు సాధనమును చూడుడు. నల్లరంగు పూసిన లోహపు రేకు, దానికి అతికిన సన్నని గొట్టములు, పైన గాజు పలక. నలుపు ఎండను పీల్చుకొనును. గాజు వెలుగును లోనికి రానిచ్చును గాని, వేడిని సులభముగా బయటకు పోనీయదు. గొట్టములలోని నీరు వేడెక్కి, తేలికయై, పైనున్న తొట్టిలోనికి తానే ఎక్కును. చల్లని నీరు దాని స్థానమునకు దిగును. పంపుతో పనిలేదు.

విద్యుత్తు సంగతి వేరు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలవారు సిలికానుతో ఉపయోగకరమైన సౌరఘటమును రూపొందించిరి. నేటి ఫలకములు తమపై పడిన ఎండలో సుమారు ఐదవ వంతును విద్యుత్తుగా మార్చును. నీరు కాచు సాధనము మంచి ఎండలో దాదాపు సగమును వేడిగా పట్టుకొనును.

ఇక లెక్క చూతము. 100 లీటర్ల నీటి వేడిమిని 30 డిగ్రీలు పెంచుటకు సుమారు 3.5 యూనిట్ల విద్యుత్తు కావలెను. మన ప్రాంతమున ఒక కిలోవాటు ఫలకములు దినమునకు సగటున 4 యూనిట్లు ఇచ్చును. అనగా ఆ విద్యుత్తు దాదాపుగా స్నానములకే చెల్లిపోవును! దీపమునకు, పంఖాకు, రేడియోకు మిగులునది స్వల్పము.

కోటి ఇండ్లకు ఫలకములు అమర్చవలెనని 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము సూర్యఘర్ పథకమును ఆరంభించినది. పగలు మిగిలిన విద్యుత్తును లైనుకిచ్చి, రాత్రి తిరిగి తీసికొనుటకు తగిన మీటర్లును వచ్చినవి. ఇది మెచ్చదగినదే. అయితే ఎండగా చాలుచోట ఎండను, విద్యుత్తే కావలసినచోట విద్యుత్తును వాడుకొందము. ఫలకములపై దుమ్ము చేరనీయక తుడుచుకొందము. వానిని అమర్చునప్పుడు, వడియములు పెట్టుటకు మేడపై ఒక మూల విడిచిపెట్టుట మరువకుందము.