అరకా? లంబసింగా?

చీడికాడలో జనవరి ఎండ హాయిగానే ఉంటుంది. అయినా సంక్రాంతి సెలవులొస్తే ఇంట్లో ఒకటే చర్చ... అరకా, లంబసింగా?

లంబసింగికి నర్సీపట్నం మీదుగా వెళ్లాలి. అక్కడ చూడాల్సింది మంచు. అదీ పొద్దెక్కే దాకానే. అంటే చీకటితోనే ఇల్లు కదలాలి, లేదా ముందురోజే వెళ్లి ఉండాలి. దాదాపు 1000 మీటర్ల ఎత్తు, గజగజలాడించే చలి. చంటిపిల్లలూ, ఆయాసమున్న తాతయ్యా ఉంటే ఆలోచించాల్సిందే. చెరువులవేనం కొండెక్కి మేఘాలు చూడటం కుర్రకారుకి సరే, మోకాళ్ల నొప్పులవాళ్లకి కష్టం.

అరకుకి ఆ తొందర లేదు. మాడుగుల, పాడేరు మీదుగా వెళ్లొచ్చు (మాడుగులలో హల్వా కొనకుండా కారు కదిలితే ఒట్టు!). ఘాట్ మలుపుల్లో కడుపు తిప్పేవాళ్లుంటే కొత్తవలసలో కిరండూల్ రైలెక్కడం మేలు. పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం మధ్యాహ్నం ఎండలోనూ చూడొచ్చు. బొర్రా గుహల్లో మాత్రం మెట్లు ఎక్కువే. తాతయ్యని బయటే కాఫీతో కూర్చోబెట్టాలి. ఇంటిల్లిపాదీ బయల్దేరితే అరకే!