పదిహేడు వేల శనగల్లోంచి 211

నంద్యాల, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ వైపు నల్లరేగడి చేలల్లో పప్పుశనగ విత్తేది అక్టోబరు, నవంబరు నెలల్లో. ఆ తర్వాత వాన మీద పెద్దగా ఆశ ఉండదు. వెలుగోడు రిజర్వాయరు నీళ్లు అందే చోట వరి వేసుకుంటారు. అందని చోట శనగ మొక్క నేలలో మిగిలిన తేమతోనే పూత పూసి, కాయ నింపుకోవాలి. గింజ కట్టే వేళకు పైనేల ఎండిపోతుంది. ఇక లోతుకు దిగిన వేరే దిక్కు.

అంత లోతుకు వేరు దించే శనగ ఏది?

దాన్ని వెతకాల్సింది పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో. 144 దేశాల నుంచి చేరిన లక్షా ఇరవై ఎనిమిది వేలకు పైగా విత్తన నమూనాలు అక్కడి చల్లని గదుల్లో ఉన్నాయి. ఏ ఊళ్లో సేకరించారు, ఎన్ని రోజులకు పూసింది, వంద గింజల బరువెంత అన్న వివరాలు రాసి లేకపోతే ఆ పొట్లాల్లో దేన్ని విప్పాలో ఎవరికీ తెలియదు. విత్తనాన్ని కాపాడటం ఎంత ముఖ్యమో దాని వివరాన్ని కాపాడటమూ అంతే ముఖ్యం. ఈ రెండో పనికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

వేరుశనగ బ్రీడర్‌గా పనిచేసి, తర్వాత ఆ బ్యాంకు బాధ్యతలు చూసిన హరిదేవ్ ఉపాధ్యాయ కృషి ఈ వివరాల మీదే నిలబడింది. శనగలో 16,991 నమూనాల సమాచారం ముందుంది. అన్నిటినీ ఒకే ఏడు విత్తి, కొలిచి చూడటం చాలా కష్టం. అవి వచ్చిన ప్రాంతాలనూ, 13 లక్షణాల కొలతలనూ ఆధారం చేసుకుని ఉపాధ్యాయ బృందం 1,956 నమూనాలను ఎంచింది. వాటిని పొలంలో పెంచి 22 లక్షణాలు పరిశీలించి, చివరికి 211కి కుదించింది. 2001లో వెలువడిన ఈ ‘మినీ కోర్’ మొత్తం సేకరణలో నూటికి ఒక వంతు కంటే కాస్త ఎక్కువ. అయినా వైవిధ్యం చాలావరకు అందులోనే ఉంది. తర్వాత ఆ 211 నమూనాల వేళ్లను కొలిచిన శాస్త్రవేత్తలకు టర్కీ నుంచి వచ్చిన ఐసీసీ 8261 అనే కాబూలీ శనగలో లోతైన, బలమైన వేళ్లు కనిపించాయి.

ఈ వివరాల పట్టికలో ఏ గడి ఎప్పుడు అక్కరకొస్తుందో ముందే చెప్పలేం. మొక్క నిటారుగా పెరుగుతుందా, నేల మీద పరుచుకుంటుందా అన్నదీ అందులో ఒక గడే. కూలీలు దొరకక యంత్రంతో కోయాల్సిన రోజులొచ్చాక దాని విలువ పెరిగింది. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన కేంద్రం అందించిన ఎన్‌బీఈజీ 47, అంటే ‘ధీర’, అలా నిటారుగా ఎదిగి యంత్రపు కోతకు అనువైన రకమే.

ఇప్పుడు కొలతల పక్కన డీఎన్ఏ సమాచారమూ చేరింది. శనగ జన్యుపటం 2013లో వెలువడింది. 2021లో రాజీవ్ వర్ష్ణేయ నాయకత్వంలోని అంతర్జాతీయ బృందం 3,366 శనగ నమూనాల జన్యుక్రమాన్ని ప్రచురించింది. పొలంలోని మొక్క, ప్రయోగశాలకు వెళ్లిన ఆకు ముక్క, కంప్యూటర్లోని వరుస మూడూ ఒకటేనని ఎవరో ఒకరు సరిచూడాలి. లేబుల్ ఒక్కటి తారుమారైతే కరవును తట్టుకునే గుణం వేరే మొక్క ఖాతాలో పడుతుంది. అందుకే వ్యవసాయ శాస్త్రంతో పాటు గణాంకాలు, ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లు ఈ రంగానికి కావాలి.

జన్యు బ్యాంకుల వివరాలు నేడు ‘జెనెసిస్’ పోర్టల్లో అందరికీ తెరిచి ఉన్నాయి. మహానంది వ్యవసాయ కళాశాల విద్యార్థి కూడా తన గదిలో కూర్చుని వాటిలో వెతకొచ్చు. కావాల్సిన నమూనా దొరికితే, పరిశోధన కోసం ఒప్పంద పత్రంతో విత్తనం అడగొచ్చు.