దండుగ కాని దండుగ

“దండుగ” అన్న మాటకు తెలుగులో పట్టిన గతి చిత్రమైనది. దండ శబ్దానికి చుట్టమైన ఈ మాటకు పూర్వపు అర్థం, అపరాధానికి చెల్లించే సొమ్ము. నేడు వ్యర్థమైన ఖర్చుకే ఆ పేరు మిగిలినది. అసలు అర్థాన్ని పారశీకం మీదుగా వచ్చిన జరిమానా ఆక్రమించుకొనగా, దాని సరసన హిందీ నుండి చలాను వచ్చి కూర్చున్నది. అయినను చలాను అందుకొన్నవాని నోట మొదట వెలువడేది “వెయ్యి రూపాయలు దండుగ” అన్న మాటే. పాత అర్థమూ కొత్త అర్థమూ ఒక్క నిట్టూర్పులో కలిసిపోతవి.

చిన్న తప్పులకు సొమ్ము రాబట్టడం నేటి పోలీసులు కనిపెట్టినది కాదు. వీధిలో దుమ్ము పోసినవానికి పణంలో ఎనిమిదవ వంతు, బురదతో గాని నీటితో గాని దారి అడ్డగించినవానికి నాలుగవ వంతు, అది రాజమార్గమైతే రెండింతలు అని కౌటిల్యుని అర్థశాస్త్రం చెప్పుతున్నది. ఎద్దు ముకుత్రాడు తెగియో, కాడి విరిగియో కీడు జరిగితే తోలేవానికి దండన లేదు. వీటన్నిటికంటె నాకు నచ్చినది మరొకటి కలదు. దండించదగనివానిని దండించిన రాజు ఆ సొమ్ముకు ముప్పది రెట్లు వరుణుని పేర నీటిలో ఉంచి, తరువాత బ్రాహ్మణులకు ఈయవలెనట. అన్యాయంగా దండుగ కట్టినవానికి ఆ ముప్పది రెట్లలో ఏమి ముట్టినదో శాస్త్రకారుడు చెప్పలేదు!

నేటి శాస్త్రం 1988 నాటి మోటారు వాహనాల చట్టం. దానికి 2019లో వచ్చిన సవరణ దండుగలను బాగా పెంచినది. హెల్మెటు లేక ద్విచక్ర వాహనం నడిపినవానికి ఆ సవరణ ప్రకారం 1000 రూపాయలు, మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత. అయితే చదువుకొన్నవారు కూడ గమనించని సూక్ష్మమొకటి ఇందులో ఉన్నది. నేరం నిర్ణయించి జరిమానా విధించే అధికారం న్యాయస్థానానిది. పోలీసు అధికారి చలానుపై తీసుకొనేది, చట్టంలోని 200వ సెక్షను క్రింద, రాజీ మొత్తం. దానిని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది గనుకనే అంకె ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క విధంగా ఉంటుంది. అది చెల్లిస్తే ఆ తప్పుపై కేసు నడవదు. చెల్లించకపోతే విషయం కోర్టుకు పోవచ్చును. అనగా చలాను తీర్పు కాదు. మనను అడిగిన ప్రశ్న. దానికి జవాబు ఉండవలె.

మనవారు జవాబు చెప్పరు. ఒకరు పెద్దమనిషితో ఫోను చేయిస్తారు. మరొకరు సగం సొమ్ము కానిస్టేబులు చేతిలో పెట్టబోతారు; దానికి రసీదు ఉండదన్న సంగతి అప్పుడు తోచదు. అధిక సంఖ్యాకులు ఊరకుంటారు. చేయవలసినది, ముందు దానిని చదవడం. తేది, స్థలం, బండి నంబరు, ఫోటో మనవేనా? కెమేరా పట్టిన తప్పుకు పదునైదు దినాలలో నోటీసు పంపవలెనని 2021లో కేంద్రం నిబంధన చేసినది. చిత్రంలోని బండి మనది కాకపోతే ఆ మాట వ్రాసి తెలుపవచ్చు, కోర్టులోనూ చెప్పుకొనవచ్చు. ఫోనుకు వచ్చిన లింకును నొక్కి సొమ్ము కట్టడం మాత్రం కూడదు. చలాను పేరిట మోసగాండ్రు కూడ సందేశాలు పంపుతున్నారు. ప్రభుత్వపు వెబ్‌సైటు తామే తెరచి చూచుకొనవలె.

ఒక ఉపాధ్యాయుడు తన పాత స్కూటరును పొరుగూరి వానికి అమ్మినాడనుకొందాము. సొమ్ము ముట్టినది, తాళం ఇచ్చినాడు, కాగితాల మాట మరచినాడు. ఏడాదికి అతడు ఎన్నడూ చూడని కూడలి నుండి చలానులు వస్తవి. అమ్మినవాడు, రాష్ట్రంలోనే అయితే, పదునాలుగు దినాలలో రవాణా శాఖకు తెలుపవలెనని చట్టంలో ఉన్నది. రిజిష్టరులో పేరున్నవాడే చట్టం దృష్టిలో యజమాని అని ఒక ప్రమాద పరిహారపు కేసులో 2018లో సుప్రీంకోర్టు కూడ చెప్పినది. పరుల తప్పుకు తాను దండుగ కట్టడమంటే ఇదే.

తెలంగాణలో పేరుకొన్న చలానులపై 2022లో ద్విచక్ర వాహనాలకు నూటికి 75, మరల 2023 డిసెంబరులో నూటికి 80 వంతున తగ్గింపు ప్రకటించినారు. రోజు కూలిపై బ్రతికేవానికి అది ఊరటయే, కాదనను. కాని మరునాడే పూర్తిగా కట్టినవాడు ఏమనుకొనవలె? పండుగ తగ్గింపుకై బట్టల కొట్టు ముందు కాచుకొన్నట్లు చట్టం ముందు కాచుకొనడం జనానికి అలవాటైనది.

బడులకు దగ్గరి సంగతి ఒకటి మిగిలినది. పదునెనిమిదేండ్లు నిండని పిల్లవాడు మోటారు సైకిలుపై వస్తూ పట్టుబడితే, అది చలానుతో తీరదు. 2019 సవరణ ప్రకారం తండ్రికి గాని, బండి యజమానికి గాని 25,000 రూపాయల జరిమానాతోబాటు మూడేండ్ల వరకు జైలు విధించవచ్చు. బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు. పిల్లవానికి ఇరువదియైదేండ్లు వచ్చువరకు లైసెన్సు లేదు. తండ్రి సమ్మతితోనే బండి కదలినదని న్యాయస్థానం భావిస్తుంది. తనకు తెలియకుండ జరిగినదని నిరూపించుకొనే భారం ఆ తండ్రిదే.