రొయ్యకు పప్పన్నం

భీమవరం ప్రాంతంలో బస్సు మీద వెళ్ళేవారికి రోడ్డుకు రెండు ప్రక్కలా చెరువులు కనిపిస్తవి. వాటిలో చక్రాలు గిర్రున తిరుగుతూ నీళ్ళు చిమ్ముతూంటవి. అవి రొయ్యల చెరువులు. రొయ్యల పెంపకంలో మన దేశంలోకల్లా ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఈ చెరువులలో ఎక్కువగా పెరిగేది వెనామీ రొయ్య. దీని పుట్టిల్లు అమెరికా ఖండాల పడమటి సముద్రతీరం. మన దేశంలో దీనిని పెద్దయెత్తున పెంచటానికి 2009లో అనుమతి ఇచ్చారు.

ఈ రొయ్య త్వరగా ఎదగాలంటే దాని మేతలో సుమారు మూడోవంతు మాంసకృత్తులు ఉండాలి. అవి చాలాకాలంగా చేపల పిండి నుంచి వస్తున్నవి. కవళ్ళు, నెత్తళ్ళు వంటి చిన్నచేపలను ఉడికించి, నీరూ నూనే పిండివేసి, ఎండబెట్టి పొడి చేస్తారు. అదే చేపల పిండి.

ఇప్పుడొక లెక్క చేద్దాం. ఒక కిలో చేపల పిండి కావాలంటే నాలుగైదు కిలోల పచ్చిచేపలు పడతవి. కిలో రొయ్యలు పెరగటానికి సుమారు ఒకటిన్నర కిలోల మేత కావాలి. ఆ మేతలో నూటికి 20 వంతులు చేపల పిండి అనుకోండి. అంటే 300 గ్రాములు. దానికి 1,200 నుంచి 1,500 గ్రాముల చేపలు కావాలి. కిలో రొయ్యల కోసం కిలోకు పైగా చేపలు ఖర్చయినవన్న మాట!

సముద్రంలో చిన్నచేపలు తరిగిపోతే ఏమవుతుంది? దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో అది జరిగింది. చేపల పిండి తయారీలో ప్రపంచానికల్లా ఆ దేశమే పెద్దది. అక్కడ 1970లో కోటి టన్నులకు పైగా నెత్తళ్ళు పట్టారు. 1972లో ఎల్‌నినో వచ్చి సముద్రం వేడెక్కింది. అతిగా పట్టటమూ, నీరు వేడెక్కటమూ కలిసి చేపలు హఠాత్తుగా తగ్గిపోయినవి. వాటిని తిని బతికే సముద్రపక్షులు కూడా తగ్గిపోయినవి. 2023లో మళ్ళీ నీరు వేడెక్కి, వలలలో పిల్లచేపలే ఎక్కువగా పడటంచేత, ఆ యేటి మొదటి వేటను ప్రభుత్వమే రద్దు చేసింది.

మరి చేపల పిండికి బదులు సోయా పిండి పెట్టరాదా? పెడుతున్నారు. కాని అందులో చిక్కులున్నవి. మాంసకృత్తులనేవి ఎమినో ఆమ్లాలనే పూసలతో గుచ్చిన దండలవంటివి. వాటిలో పది రకాల పూసలను రొయ్య తనంత తాను తయారుచేసుకోలేదు. అవి మేతలోనే ఉండాలి. సోయాలో మిథియొనీన్ అనే పూస తక్కువ. పైగా పచ్చి సోయాలో అరుగుదలకు అడ్డుపడే పదార్థం ఒకటి ఉన్నది. వేడిచేస్తే అది పోతుంది. ఇంకొక చిక్కు: రొయ్య వాసన పట్టి మేతను వెతుక్కుంటుంది. చేపవాసన లేకపోతే అంత ఇష్టంగా తినదు. రైతు చెక్‌ట్రేలో కాస్త మేత వేసి నీటిలోకి దించి, కొంతసేపటికి పైకి తీసి చూస్తాడు. మేత మిగిలిపోయిందా, డబ్బూ దండగ, నీరూ పాడు.

దీనికి ఉపాయం మన వంటింట్లోనే ఉన్నది. బియ్యంలో లైసీన్ అనే ఎమినో ఆమ్లం తక్కువ. పప్పులో అది దండిగా ఉంటుంది. పప్పులో మిథియొనీన్ తక్కువ, బియ్యంలో అది నయం. అందుచేతనే పప్పూ అన్నమూ కలిపి తింటే ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది.

రొయ్య మేత తయారుచేసేవారు చేసే పనీ ఇదే. సోయా పిండికి గోధుమ పిండి కలుపుతారు. చేపలు కోసే ఫ్యాక్టరీలలో మిగిలిన తలలనూ ముళ్ళనూ పొడిచేసి కలుపుతారు. తక్కువైన మిథియొనీన్‌ను విడిగా చేరుస్తారు. వాసనకోసం కొంచెం స్క్విడ్ పిండి వేస్తారు. కూరగాయల తుక్కు తిని పెరిగే బ్లాక్ సోల్జర్ అనే ఈగ పురుగులూ, తొట్లలో పెంచిన ఈస్టూ, బాక్టీరియా కూడా ఇందుకు పనికివస్తవి. అయితే పురుగుల పిండీ, బాక్టీరియా పిండీ ఇంకా ఖరీదైనవే. వాటి ధర తగ్గితేనే రైతుకు గిట్టుబాటు అవుతుంది.

మేతలో చేపల పిండిని 20 వంతుల నుంచి 5 వంతులకు తగ్గిస్తే, కిలో రొయ్యలకు ఎన్ని గ్రాముల చేపలు చాలును? పైన చేసిన లెక్కనే కాగితం మీద మళ్ళీ వేసి, వచ్చిన జవాబు మీ ఇంట్లో పెద్దవాళ్ళకు చూపించండి.