స్థిరనివాసుల పునఃప్రవేశము



గడివేముల మొదలుగా నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల గ్రామములలో పూర్వము దూరప్రయాణమనగా కాశీయో రామేశ్వరమో స్ఫురించెడిది. నేడట్లు గాదు. కుమారులును కుమార్తెలును అమెరికాలో నుద్యోగములు చేయుచుండుటచే, తలిదండ్రులలో కొందరు ఆ దేశమున స్థిరనివాసపు హక్కును బడసియున్నారు. ఆ హక్కునకు గుర్తైన పత్రమునే వాడుకలో గ్రీన్ కార్డు అందురు. కార్డు చేతనున్నను వారి మనస్సు పొలముమీదను, ఇలవేల్పుమీదను ఉండును. మూడు నెలలని వచ్చి మూడేండ్లుండిపోవుటయు కలదు. పిదప మరల పోదలచినప్పుడు ఆ కార్డు చెల్లునా? చెల్లనిచో దారి యేది? ఇదియే నేటి విషయము.

ఈ చిక్కు తెలుగువారికి క్రొత్త గాదు. సర్కారు జిల్లాలనుండి మనవారు వేలకొలది రంగూనుకు పోయి అచట కాపురములుండిరి. 1937 ఏప్రిల్ 1వ తేదీన బర్మా మన దేశపు పరిపాలననుండి వేరుపడెను. 1941 డిసెంబరులో రంగూనుపై జపానువారి బాంబులు పడగా, లక్షలకొలది భారతీయులు కాందిశీకులై తరలివచ్చిరి. యుద్ధానంతరమున మరల పోగోరినవారికి 1947లో బర్మాలో చేయబడిన వలస చట్టము అడ్డమయ్యెను. అనుమతిపత్రమో వీసాయో లేనిదే ప్రవేశము లేదనిరి. ఒకప్పుడు అచట కాపురమున్నామన్న మాట మాత్రము చాలకపోయెను.

అమెరికా చట్టము మాత్రము ఇట్టివారికొక ద్వారము తెరచియుంచినది. స్థిరనివాసమునకై న్యాయముగా ప్రవేశించి, కొలదికాలము పరదేశమునకు పోయి తిరిగి వచ్చువానిని, వలసవారి సంఖ్యకు విధించిన పరిమితితో నిమిత్తము లేక రానీయవచ్చునని 1924 నాటి చట్టమే చెప్పినది. 1952 నాటి చట్టమును ఆ భావమునే నిలిపినది. నేటి నియమములకు అదియే మూలము.

ఇక గడువుల సంగతి. ఏడాదికి లోపల తిరిగిపోవువారికి సాధారణముగా కార్డే చాలును. అయితే ఆరు నెలలు దాటినచో రేవులోని అధికారి ప్రశ్నలు హెచ్చుగా వేయవచ్చును. ఏడాది దాటినచో కార్డు ప్రవేశపత్రముగా పనికిరాదు. అంతకాలము ఉండవలసివచ్చునని ముందే తోచినవారు రీఎంట్రీ పర్మిట్ అను అనుమతిని పొందవలెను. అది సామాన్యముగా రెండేండ్ల వరకు చెల్లును. దానికై ఐ-131 అను దరఖాస్తును అమెరికాలో నుండగనే దాఖలు చేయవలెను. ఊరు చేరిన పిదప జ్ఞప్తికి వచ్చిన ప్రయోజనము లేదు.

పర్మిట్ లేక ఏడాది దాటినవారికిని, పర్మిట్ గడువు దాటినవారికిని మిగిలిన మార్గము రిటర్నింగ్ రెసిడెంట్ వీసా. దీనికే ఎస్‌బి-1 అని పేరు. అమెరికా కాన్సులేటులో డి.ఎస్.-117 అను దరఖాస్తుతో దీనిని కోరవలెను. అధికారి మూడు విషయములు విచారించును. మొదటిది, బయలుదేరునాటికి స్థిరనివాసపు హక్కు కలదా? రెండవది, మరలివచ్చు తలంపుతోనే బయలుదేరి, ఆ తలంపును విడువక యుండెనా? మూడవది, ఆలస్యమునకు కారణము తన వశములో లేనిదేనా? ఈ మూడును కుదిరినచో క్రొత్తగా బిడ్డలు అర్జీ పెట్టవలసిన పని లేదు. అయినను వలస వీసా దరఖాస్తును, వైద్యపరీక్షయు, రుసుములును తప్పవు.

మూడవ విషయముననే పలువురు తడబడుదురు. ఒక పెద్ద పండుగకు వచ్చి, కాలుజారి పడి, తుంటి యెముక విరిగి పదునాలుగు నెలలు మంచము పట్టెననుకొందము. ఆసుపత్రి కాగితములును, ముందు కొనిన తిరుగు టిక్కెట్టును ఉన్నచో అతని మాటకు బలము కలదు. మరియొకడు భాగపంపకములని ఆగి, కౌలు కుదుర్చుకొని, క్రొత్త యిల్లు కట్టి నాలుగేండ్లుండెననుకొందము. అతడు తన యిష్టముచేత నిలిచినవాడే యగును. 2020 మార్చి 23న మన దేశమునకు నియమిత విదేశ విమానములు నిలిచి, 2022 మార్చి 27న మరల సాగినవి. అయితే నడుమ ప్రత్యేక విమానములు తిరిగినందున, విమానములు లేవన్న యొక్క మాట ఆ రెండేండ్లకును సమాధానము కాజాలదు.

మన ధర్మశాస్త్రములలో యాజ్ఞవల్క్యస్మృతి లిఖితము, భుక్తి, సాక్షులు అని ప్రమాణములను మూడు విధములుగా చెప్పినది. పట్టా యున్నను అనుభవము లేని భూమిపై తగవు వచ్చుట మీరెరుగుదురు. గ్రీన్ కార్డు లిఖితము. అచటి నివాసము, బ్యాంకు ఖాతా, ఏటేట చెల్లించు పన్ను లెక్క, ఇవి భుక్తి. నేనచటి నివాసిని కానని వ్రాసి పన్నుపత్రము దాఖలు చేసినచో, అదియే మనకు ఎదురు సాక్ష్యము కాగలదు. ఏడాదికొకమారు పోయి పదిదినములు కాలుమోపి వచ్చినచో హక్కు నిలుచునన్న నమ్మకమును సరికాదు. చట్టము దినములతో పాటు తలంపును గూడ చూచును.

మరియొక హెచ్చరిక. ఐ-407 అను పత్రముపై సంతకము చేయుటయనగా హక్కును స్వయముగా వదలుకొనుట. రేవులో నెవరైన దానిని ముందుంచినచో, చదువక, అర్థము తెలియక చేవ్రాలు చేయరాదు. హక్కు పోయినదా లేదా యను తగవును వలస న్యాయాధిపతి యెదుట చెప్పుకొను అవకాశము కలదు. అయితే ఇకమీదట స్వగ్రామముననే యుండ నిశ్చయించుకొన్నవారు అదే పత్రమును బుద్ధిపూర్వకముగా నిచ్చి, బిడ్డలను చూచుటకు సందర్శకుల వీసా కోరుట గౌరవమైన మార్గము. ఆ వీసాయు అధికారి సమ్మతిపై నాధారపడినదే. వీసా దొరకక, హక్కు పోయిన పిదప మరల అచటనే నివసింపగోరినచో, ఇరువదియొక యేండ్లు నిండి అమెరికా పౌరుడైన కుమారుడు గాని కుమార్తె గాని తలిదండ్రులకై క్రొత్త అర్జీ పెట్టవచ్చును.

కావున పెద్దలారా, విమానమెక్కుటకు ముందే ఆలుమగలును బిడ్డలును కూర్చుండి, మన యిల్లు ఏది, ఎప్పుడు మరలుదము అని తేల్చుకొనుడు. ఆ నిశ్చయమునకు తగిన కాగితములను భద్రపరచుకొనుడు. రెండు ఇండ్లయందును ప్రేమ యుండవచ్చును గాని, స్థిరనివాసమేదని చట్టమడిగినప్పుడు ఒక్క సమాధానమే చెప్పవలసియుండును. అది కాన్సులేటు కిటికీ యొద్ద వెదకుకొనవలసినది గాదు.

సెలవు.