మంచు కింద గాలం

ఐప్పసి నెల వానలు కురిసి పడమటి కొండల నీళ్లు దిగాయంటే చోళపురం చుట్టుపట్ల చెరువులకి కళ వస్తుంది. పిల్లలు గాలాలు పట్టుకుని గట్టు మీద చేరతారు. ఆ గాలంలో కొనేది ఏముంటుంది? కొక్కెం, నైలాన్ దారం, కాస్త సీసం. వెదురు కర్ర ఊళ్లోదే, ఎర్రలు తడిమట్టిలోవే. బెండు మాత్రం చేత్తో చేసుకోవాలి.

జీలుగు కాడ పైతోలు గీకేసి చిటికెన వేలంత ముక్క కోయండి. అది మరీ తేలిక, నీళ్లలో వేస్తే దాదాపు మొత్తం పైనే ఉంటుంది. అట్లా తేలితే పనికిరాదు. చేప దాన్ని ముంచాలంటే, బెండు పక్కకి తోసే నీటి బరువుకి దాదాపు సరిపడా బలంతో లాగాలి. అందుకే దారానికి సీసం ముక్కలు ఒక్కొక్కటే నొక్కుతూ పోవాలి. బెండంతా మునిగి, కొన గోరంత పైకి కనబడగానే ఆపేయాలి. ఇక చేప మూతితో కదిపినా కొన మాయమవుతుంది. ఆర్కిమిడీస్ సుమారు 2,200 ఏళ్ల కిందట చెప్పిన సూత్రమే ఇది.

మా మనవడు మినెసోటాలో చదువుకుంటున్నాడు. ‘‘తాతా, ఇక్కడ మిల్ లాక్స్ సరస్సు గడ్డకట్టాక దానిమీదే గుడిసెలు పెట్టుకుని, మంచుకి కన్నం వేసి గాలం దింపుతారు. కింద చేపలు చచ్చిపోవా?’’ అని అడిగాడు. మంచి ప్రశ్న వేశాడు!

ఫ్రిజ్‌లో కొంచెం కొబ్బరినూనె గడ్డకట్టించి, ఆ ముద్దని మామూలు కొబ్బరినూనెలో వేసి చూడండి. మునిగిపోతుంది. చాలా పదార్థాల తీరంతే. అదే ఐసుముక్క నీళ్లలో తేలుతుంది, ఎందుకంటే నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. అసలు వింత దానికి ముందే జరుగుతుంది. నీరు అన్నిటికంటే చిక్కగా, బరువుగా ఉండేది 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర. చలికాలం మొదట్లో పైనీరు చల్లబడి అడుక్కి దిగుతూ ఉంటుంది. సరస్సంతా 4 డిగ్రీలకి వచ్చాక, ఇంకా చల్లబడిన నీరు తేలికై పైనే ఉండిపోతుంది, అక్కడే గడ్డకడుతుంది. ఆ గడ్డ, దానిమీద పడ్డ మంచు దుప్పటిలా కాపాడితే, కింద చేపలు మందకొడిగా కదులుతూ బతికే ఉంటాయి.

అయితే మన బెండు అక్కడ అంతగా పనిచేయదు. కన్నంలో పైనీరు మళ్లీ పేరుకుని బెండుని బిగించేస్తుంది. అందుకని వాళ్లు ఇంట్లోనే ఇంకో పరికరం చేసుకుంటారు. రెండు చెక్కపట్టీలు అడ్డంగా బిగించి కన్నం మీద పరుస్తారు. మధ్యలోంచి ఒక కడ్డీ నీళ్లలోకి దిగుతుంది, దాని కింది కొసకి దారం చుట్టిన చక్రం. చక్రం నీటిలోపలే ఉండటంలో ఉంది తెలివంతా! కడ్డీ పైకొస ఎముకలు కొరికే గాలిలో ఉన్నా, దారం ఉండేది గడ్డకట్టని నీళ్లలో. పైన పాత కొలత టేపు ఉక్కుపట్టీ ఒకటి వంచి, కొసకి ఎర్రగుడ్డ కట్టి, చిన్న కొక్కేనికి తగిలిస్తారు. చేప ఎర పట్టుకుని కదలగానే చక్రం తిరుగుతుంది, కడ్డీ తిరుగుతుంది, కొక్కెం జారుతుంది, ఉక్కుపట్టీ టప్పున లేస్తుంది. దూరాన గుడిసెలో చలి కాచుకుంటున్నవాడికి ఎర్రజెండా కనబడుతుంది. నాకు ఈ పనితనం ఎంత నచ్చిందో చెప్పలేను.

మనవడితో మాత్రం ఇదంతా తర్వాత చేసుకో అన్నాను. అక్కడి సహజవనరుల శాఖ చెప్పే లెక్క ప్రకారం, కొత్తగా కట్టిన గట్టి మంచు కనీసం 4 అంగుళాలుంటేనే దానిమీద నడవాలి. అట్లాగని సరస్సంతా ఒకే మందాన ఉండదు, అందుకని కొలుచుకుంటూ వెళ్లాలి. ముందు చేసుకోవాల్సింది ఇంకా చిన్న వస్తువు. పిడికిట్లో పట్టే రెండు కర్రముక్కలు తీసుకుని, ఒక్కోదాని కొసకి మేకు దిగ్గొట్టి, తల కోసి మొన తీయాలి. రెండింటినీ తాడుతో కలపాలి. మంచు విరిగి నీళ్లలో పడితే తడిసిన చేతులకి ఆ నున్నటి అంచు మీద పట్టు దొరకదు. ఈ మొనలు మంచులో గుచ్చి, కాళ్లు తన్నుకుంటూ, వచ్చిన దారినే పైకి ఈడ్చుకోవాలి. పైకి రాగానే నిలబడకూడదు, బరువు ఒక్కచోట పడకుండా దొర్లుతూ గట్టి మంచు మీదికి చేరాలి. ఆ జత సంచిలో పెట్టుకోకుండా మెడలో వేసుకుని వెళ్లమని మరీమరీ చెప్పాను.